బెలూన్ మళ్లీ బయటికి తీశారా అని అడిగాను

ఈ రోజు మధ్యాహ్నం మా అమ్మాయి రూతుకి గుండెలో స్టెంట్ వేశారండి. బాగుంది, ఇప్పుడే రెండు ఇడ్లీలు తింది. ఈ సంతోషం నలుగురికీ చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

రక్తనాళం రెండుగా చీలే చోట అడ్డు పడిందట. పెద్ద నాళంలో స్టెంట్ వేస్తే పక్కనున్న చిన్న కొమ్మ మూసుకుపోవచ్చని, ముందే ఆ కొమ్మలో సన్నటి బెలూన్ పెట్టి కాపాడామని డాక్టరమ్మ బయటికొచ్చి కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

నేను ముప్పై ఏళ్లు నార్సింగి నుంచి హైటెక్ సిటీ దాకా స్లాబులు పోసిన మేస్త్రీని. కాంక్రీటు లోపలికి పోకుండా కరెంటు పైపుల మూతుల్లో గుడ్డ కుక్కుతాం. ఒకసారి ఆ గుడ్డ తీయడం మర్చిపోతే సగం గోడ చెక్కాల్సి వచ్చింది. అది గుర్తొచ్చింది.

"అమ్మా, ఆ బెలూన్ మళ్లీ బయటికి తీశారా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "తీసినం అంకుల్. స్టెంట్ వెనక ఇరుక్కుంటదేమోనని మాక్కూడా అక్కడే భయం. వచ్చేసింది, చిన్న కొమ్మల రక్తం మంచిగ పోతున్నది. ఫికర్ చేయకండి" అంది.

దేవునికి స్తోత్రం, ఆ తల్లికి వంద దండాలు.

రూతుకి చెబితే, "డాక్టర్ గారి పని కూడా చెక్ చేశావా నాన్నా?" అని నవ్వింది. చేశానమ్మా, గోడ కాదు కదా మళ్లీ కట్టడానికి.

నేను అడిగింది తప్పంటారా అండీ?