మొరిగితే నెత్తళ్లు

నా పేరు పోలమ్మ. వయసు డెబ్బై దాటింది. వన్ టౌన్ అద్దె ఇంట్లో నేను, మనవరాలు గౌరి, పది నెలల కుక్క రాజు ఉంటాం. చెప్పేది నేను, ఫోనులో టైపు కొట్టేది గౌరి.

ఇంకోసారి ఎవరి మీదికైనా ఎగిరితే కుక్కను పంపేయమని ఇంటి ఓనరు నిన్ననే చెప్పాడు. ఈ పొద్దున తిప్పడానికి తీసుకెళ్తే, ఆటో కనబడగానే రాజు మొరుగుతూ నన్ను సందంతా ఈడ్చాడు. ఎప్పటిలా కొంగు ముడి విప్పి రెండు ఎండు నెత్తళ్లు పెట్టాను. నోరు మూశాడు. మళ్లీ ఆటో, మళ్లీ అదే గోల.

ఎదురింటి సూరమ్మ గుమ్మంలోంచి అరిచింది.

"అప్పా, మొరిగినప్పుడల్లా సేప పెడితే ఆడింకేటి సేత్తాడు? మొరిగితేనే తిండని నువ్వే నేర్పుతన్నావ్!"

"నీ మొగుడు అరిసినప్పుడల్లా నువ్వు టీ ఇయ్యట్లేదేటి?" అన్నాను.

సందంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఆమె చెప్పింది నిజం కాబట్టి. తిరుగుదారిలో ఎంత మొరిగినా పెట్టలేదు, మొరుగుడు ఆపేదాకా అడుగు కదపలేదు. నాలుగు ఇళ్లు దాటడానికి అరగంట పట్టింది. ఒకప్పుడు చేపల గంప మోసిన భుజం ఊడొచ్చేలా ఉంది. ఒక్క ఆటోకి మాత్రం నోరు మూసుకుని నా మొహం చూశాడు. అప్పుడు పెట్టాను.

ఇంకేం చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి. వదిలేయమని మాత్రం ఎవరూ చెప్పొద్దు.

నా వేలిముద్ర, పోలమ్మ.
చూసినవాళ్లు: గౌరి, సూరమ్మ.