పలక పొడి తిన్న వేలు

మన గ్రంథాలయం బీరువాలో కసరత్తుల పుస్తకం ఒకటి ఉంది. పోయిన వారం దాన్ని మళ్లీ ఎవరో ఇంటికి తీసుకుపోయినట్టు రిజిస్టరులో చూశాను. అందుకే ఈ లిఖిత పత్రికకు ఇది రాయక తప్పలేదు. తప్పు ఆ పుస్తకంలో లేదు, చదివినవాడిలో ఉంది. వాణ్ని, అంటే అప్పటి నన్ను, తలచుకుంటే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది.

నేను మార్కాపురంలో పలకరాయి చీల్చే పనివాణ్ని. బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. తక్కినదంతా ఈ బీరువా ముందు కూర్చుని నేర్చుకున్నాను. మంచుకొండలెక్కే దొరల గురించిన పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాక, నల్లమలలో తేనె చరియ ఎక్కాలని పట్టుదల పుట్టింది. గిద్దలూరు అవతలి అడవిలో ఈదన్న అనే చెంచు పెద్దాయన ఆ చరియ మీద తేనె తీస్తాడు. తేనె తీసేవాడి తాడు బావమరిది చేతిలోనే ఉండాలని వాళ్ల పద్ధతి. తన తోడబుట్టినదాని తాళి తెగనివ్వడని నమ్మకం. అందుచేత ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే నా బావమరిది సమూయేలును వెంట లాక్కుపోయేవాణ్ని.

ఎన్ని వారాలు పోయినా సగం చరియకే వేళ్లు జారేవి. ఇంట్లో ఉదయం, సాయంత్రం దూలం పట్టుకుని వేలికొనల మీద వేలాడటం మొదలుపెట్టాను. తోలు ఊడింది. చెమట పట్టకుండా చేతులకు సుద్దపొడి రాసుకోవాలని కసరత్తుల పుస్తకంలో ఉంది. పలకల ఊళ్లో ఉండి సుద్ద వెతుక్కోవడం ఎందుకనుకున్నాను. రంపం కింద రాలిన పలక పొడిని సంచిలో నింపుకుని, తోలు ఊడిన వేళ్ల మీద రుద్దుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఆదివారం చరియ కింద ఈదన్న నా చెయ్యి తిప్పి చూశాడు.

"ఏందబ్బయ్యా ఈ బూడిద? తోలు లేచినంక రాయి ముట్టగూడదు. మల్లా తోలు వచ్చిందాక మేము గడ్డలు తవ్వుకుంటాం."

"పుస్తకంలో ఉంది తాతా."

"ఆ పుస్తకం ఏ కొండ ఎక్కినాది?"

ఆయనకు చదువు రాదు గదా అని లోపల నవ్వుకుని చరియ ఎక్కాను.

సోమవారం సుత్తి పట్టుకోగానే కుడిచేతి నడిమి వేలి కొన జివ్వుమంది. లెక్కచేయలేదు. మరుసటి ఆదివారం కూడా ఎక్కి, సగం మీద ఇంకో రెండు బారలు పోయాను. ఆ రెండు బారల కోసమే ఇదంతా. ఇంటికొచ్చేసరికి వేలు వంకాయలా ఉబ్బింది. ఇంటివైద్యం పుస్తకం చూసి బియ్యప్పిండి ఉడికించి వేడిగా కట్టు కట్టాను. మూడు రోజులు విప్పలేదు.

నా భార్య కరుణమ్మ కంచం వసారాలోకి తెచ్చింది. "నీ చెయ్యి కుళ్లిన ఎలకమాదిరి కంపు కొడతాంది. నేనే కలిపి పెడతా, మొగం అట్ల తిప్పుకో" అంది.

నాలుగో రోజు మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్ర గీత కనిపించింది. సమూయేలు నన్ను రైలెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ కట్టు విప్పగానే నర్సు ముక్కు మూసుకుంది. పిండీ చీమూ ఒక్కటై పులిసిపోయాయి.

"ఎవరు కట్టారు ఇది?"

"నేనే. పుస్తకం చూసి."

"విట్లో ఇది, వేలికొన లోపల చీము పట్టింది. సెప్టిక్ అయింది. ఈ గీత చంకలోకి పాకితే చెయ్యే తీసెయ్యాలి."

కుడిచెయ్యి పోతే నాకు పని లేదు. యూరిన్ టెస్టు చేసి షుగర్ లేదన్నారు. క్లోరోఫాం ఇచ్చి వేలు చీల్చారు. మెలకువ వచ్చాక డాక్టరమ్మ ట్రే చూపించింది. చీములో బూడిదరంగు ఇసుక. "మీ ఊరి పలకలు" అంది. నేను మంచం పక్కనే కక్కాను.

పూటపూటా డ్రెస్సింగ్. గాయంలోంచి గాజుగుడ్డ లాగుతుంటే ఆ వాసన నాదేనని ఒప్పుకోవడం నొప్పి కన్నా కష్టమైంది. ఐదో రోజు మళ్లీ జ్వరం. డాక్టరమ్మ ప్రోబ్ అనే సన్నటి కడ్డీ గాయంలోకి పెట్టి చూసింది.

"ఎముక చచ్చిపోయింది, నెక్రోసిస్. కొన కణుపు తీసేస్తే చెయ్యి దక్కుతుంది."

"వద్దమ్మా. ఆ వేలు లేకపోతే రాయి పట్టు దొరకదు" అన్నాను. అంత కంపులోనూ నా ధ్యాస కొండ మీదే!

సమూయేలు మంచం దగ్గరికి వచ్చాడు. "బావా, తాడు ఎవరి చేతిలో ఉంది?"

నేను కట్టు కట్టిన చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాను.

"నా చేతిలో ఉంది. మా అక్క కోసం పట్టుకున్నా, నీ కొండ కోసం కాదు. కొయ్యండమ్మా."

కోశారు. జ్వరం దిగింది, గీత చెరిగింది. మూడు వారాలకు ఇల్లు చేరాను.

ఇప్పుడు సుత్తి పట్టగలను. మొండి వేలు రాతికి తగిలితే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. ఏడాది ఆగి మళ్లీ చరియకు పోయాను. ఈదన్న ఎద్దు పళ్లు చూసినట్టు నా వేళ్లన్నీ చూసి, తోలు గట్టిపడిందన్నాకనే వదిలాడు. నెలకు ఒక్కసారే ఎక్కుతున్నాను. తేనెపట్టు కింది అరుగు దాకా చేరాను. దూలానికి వేలాడిన రోజుల్లో దాన్ని కంటితో చూడటమే తప్ప అందుకోలేదు.

పాఠకులకు ఒకటే మాట. తోలు లేచిన వేలితో రాయి పట్టవద్దు. సబ్బునీళ్లతో కడిగి, తోలు వచ్చేదాకా ఆగండి. వేలు సలపడం మొదలైతే ఇంట్లో కట్టు కట్టకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. సుద్దపొడి ఉన్న పుటలో ఇదే రాసి చీటీ పెట్టాను. దయచేసి తీయకండి.

వేలు కోసి చెయ్యి నిలిపిన డాక్టరు రత్నమ్మగారికి, ముక్కు మూసుకుని కూడా ఒక్క పూట డ్రెస్సింగ్ మానని నర్సు సుశీలమ్మకు, మొగం తిప్పుకోమని తాను మాత్రం తిప్పుకోకుండా అన్నం పెట్టిన కరుణమ్మకు, నేను లోపల నవ్విన ఈదన్న తాతకు నమస్కారాలు. తాడు వదలని సమూయేలుకు ఈ మొండి వేలితోనే దండం పెడుతున్నాను.