కరుణ దీదీ కట్టిన ఎర్ర బిళ్ళ

కరెంటు పోగానే మా ఆఫీసులో యూపీఎస్ కీచుమంటుంది. పక్క టేబుళ్ల వాళ్లు ఆ కూతకు కాకి అరుపుకిచ్చే విలువ కూడా ఇవ్వరు. నాకు మాత్రం అది చెవిన పడితే చాలు, అరచేతుల్లో చెమట శివనాథ్ నదిలా పొంగుతుంది. తల సగం నెరిసినా అంతే. చెయ్యి దానంతటదే టేబుల్ పక్కన వేలాడే ఎర్ర రేకు బిళ్ళ మీదికి పోతుంది. దాని మీద తెల్లరంగుతో, కాస్త వంకరగా, ‘కరుణ’ అని రాసి ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తొలి రోజుల్లో ఆమె నా యజమాని. సెక్టర్ 6 మార్కెట్లో టైలరు కొట్టు మీద ఒక గది, ఆ గదిలో ఒక కంప్యూటరు యంత్రం, ఆ యంత్రంలో ఊళ్లోవాళ్ల వెబ్‌సైట్లు. అది చేసే మోతకు, ఉక్కు ప్లాంటువాళ్లు తన నెత్తిన కొత్త కొలిమి కట్టారని కింద టైలరు నమ్మేవాడు. దీదీ కార్మికుల బస్తీ క్యాంప్ 2 మనిషి. వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటు రోలింగ్ మిల్లులో చేరాడు. ఆదివారం ఆమె చర్చిలో పాడితే చూరు మీది పావురాలు లేచిపోయేవి. సోమవారం నన్ను తిడుతుంటే అవే తిరిగొచ్చి, వరసగా కూర్చుని వినేవి.

ఒక ప్రైవేటు కాలేజీ ఏటా సీట్ల జాబితా మా యంత్రం మీదే పెట్టేది. ఒక ఏడాది వాళ్లు కొత్తగా రాయించుకున్న ప్రోగ్రాం, పేజీలను జనానికి చూపించే వెబ్ సర్వర్ కొత్తదైతే తప్ప నడవనని మొండికేసింది. మా యంత్రాన్ని నడిపే లినక్స్‌తో వచ్చింది పాతది. దానికి దొంగలు దూరే చిల్లు ఎక్కడ పడినా లినక్స్ తయారుచేసినవాళ్లే అతుకు పంపేవారు. కొత్తది కావాలంటే మేమే తెచ్చి, మేమే కట్టి, మేమే కాపలా కాయాలి. అతుకులు పంపే నాథుడు లేడు.

“పెట్టీసుకుందాం దీదీ, అందరూ పెడుతున్నారు” అన్నాను.

“అందరూ ఎవుల్రా? చిల్లు పడితే ఆ అందరూ ఒచ్చి నీ పక్కన కూకుంటారేటి?” అంది. అని, సొరుగులోంచి ఎర్ర బిళ్ళ తీసి, తన పేరు రాసి, తీగతో యంత్రం మెడకు కట్టింది.

అది ప్లాంటు ఆచారం. మిషన్ లోపల మనిషి పనిచేస్తుంటే బయట స్విచ్‌కు అతని పేరుతో ఎర్ర బిళ్ళ కడతారు. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. జీఎం వచ్చినా ముట్టుకోకూడదు. ఒకసారి ఎవరో తొందరపడి వాళ్ల నాన్న బిళ్ళ విప్పి స్విచ్ వేశారు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి.

“ఇక్కడ లోపల ఎవరున్నారు దీదీ?” అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. “మనమేరా” అంది.

పాతదాన్ని తీసెయ్యకుండా పక్కన ఉంచి, కొత్తది కట్టాం. అది పట్టుపంచె కట్టిన పెళ్లికొడుకులా నడిచింది. జాబితా రోజు మధ్యాహ్నం కాలేజీ మేనేజర్ తివారీజీ ఊరంతటికీ సరిపడే జిలేబీతో దిగాడు. ఆయన వెనకే ఉతై అనే పల్లె నుంచి ఒక తండ్రి వచ్చి, కూతురి సీటు సంగతి చూసి పోతానని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఇంకో గంటలో జాబితా పెట్టాలి. అప్పుడు దీదీ నా వైపు తిరిగింది.

“ప్లగ్గు పీకు.”

నా గుండె మెట్లు దిగి టైలరు కొట్టులోకి పోయింది. తివారీజీ జిలేబీ మింగలేక కక్కలేక, “అరే మేడమ్, చల్ రహా హై న! నడుస్తున్నదాన్ని ఎందుకు చంపుతారు?” అని కేకేశాడు.

“కరెంటు మిమ్మల్ని అడిగి పోతాదేటి తివారీజీ? పోయేదేదో మన కళ్ల ముందే పోనీండి. పీకరా!”

పీకాను. మోత ఆగిన గదిలో నా గుండె చప్పుడు దుర్గ్ స్టేషన్ దాకా వినపడి ఉంటుంది. మళ్లీ పెట్టాను. యంత్రం మూలిగి, దగ్గి, లేచింది. తెర మీద జాబితా వచ్చింది. నేను ఊపిరి వదిలేలోపే ఉతై తండ్రి ముందుకొచ్చి, వేలితో ఒక్కో పేరూ తడిమి, చివరకు ఆగిపోయాడు.

“మేరీ బిటియా కా నామ్ నహీ హై, భయ్యా.”

కూతురి పేరు లేదట. దీదీ తెర దగ్గరికి వంగింది. “ఇది నిరుటి జాబితారా!”

అసలు సంగతి ఇది. కొత్త సర్వర్‌ను మేం చేత్తో మొదలుపెట్టాం. యంత్రం తనంతట తాను లేచినప్పుడు మాత్రం, అలవాటు కొద్దీ పాతదాన్నే లేపింది. అది నిరుటి పేజీలతో సహా గద్దెనెక్కి, కొత్తదానికి చోటు లేకుండా చేసింది. దీదీ పీకించకపోతే, ఏ సాయంత్రమో కరెంటు పోయి వచ్చేసరికి ఎంతమంది పిల్లలు తమ పేరు లేదనుకుని ఏం చేసుకునేవాళ్లో! ఆ తండ్రి ముఖం చూశాక ఆ ఊహను ముగించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

పాతదాన్ని నిద్రపుచ్చి, కొత్తదానికి తనంతట తాను లేవడం నేర్పించాను. దీదీ మళ్లీ పీకించింది. ఈసారి కొత్త జాబితా వచ్చింది. అందులో ఆ పిల్ల పేరు ఉంది. ఆ తండ్రి జిలేబీ తీసుకోలేదు, యంత్రానికి దణ్ణం పెట్టి వెళ్లాడు.

“ఇక బిళ్ళ విప్పెయ్ దీదీ” అన్నాను.

“ఎలగ విప్పుతాన్రా? ఇది మనం కట్టింది. ఇది నడిసినంత కాలం మనం లోపలే.”

కొన్నేళ్ల తర్వాత ఆమె ఆసుపత్రిలో పడింది. చూడబోతే, ఊపిరి కూడదీసుకుని అడిగింది.

“మిషన్ ఎలగుంది?”

“నడుస్తోంది దీదీ.”

“బయ్యమేస్తందా?”

“చాలా.”

“అయితే నాను ఎల్లొచ్చు” అంది.

యంత్రం ఏనాడో తుక్కుకు పోయింది. బిళ్ళను మాత్రం నేను ఆ తీగ ముడితో సహా తెచ్చుకున్నాను. విప్పవలసిన చెయ్యి లేదు కనుక ముడి అలాగే ఉంది. ఇప్పటికీ కొత్తది ఏది కట్టినా, పట్టపగలు అందరి ముందూ నా చేత్తోనే ప్లగ్గు పీకుతాను. ఆఫీసులో నన్ను పిచ్చివాడంటారు. పీకే ముందు చెయ్యి భూకంపం వచ్చినట్టు వణుకుతుంది. మందు రాస్తానన్నాడు డాక్టరు. వద్దన్నాను. లోపల మనిషి ఉన్నాడని తెలిసేది ఆ వణుకుతోనే.