తాడు లేని గీత

మా ఊళ్లో కబడ్డీ కోర్టు సముద్రపు ఒడ్డున ఇసుకలో ఉండేది. అక్కడ సున్నంతో గీత గీస్తే గాలికి నిలవదు. అందుకని పాత వలల తాళ్లు తెచ్చి, మూలలకు మేకులు దిగ్గొట్టి, ఇసుకలో సగం కప్పి బిగించేవాళ్లం. పాదానికి తాడు తగిలిందంటే అదే గీత. కిందికి చూడాల్సిన పనే లేదు. కళ్లన్నీ కూతకు వచ్చినవాడి కాళ్ల మీదే ఉండేవి.

ఆ ఇసుకలోనే నాకు ఎడమ మూల అబ్బింది. కబడ్డీలో మూలన నిలబడేవాణ్ణి కార్నర్ అంటారు. కూతకొచ్చినవాడు వెనక్కి తిరిగే క్షణంలో కిందికి దూకి చీలమండ పట్టుకోవడం వాడి పని. నా పట్టు మంచిదని ఊరంతా ఒప్పుకునేది. వల లాగిన చేతులు కదా, జారవు అనేవారు. మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "సేపను పట్టుకుంటే కూరౌతాది. మనిషి కాలు పట్టుకుంటే ఏటౌతాది?" అనేవాడు.

బయటి ఊళ్లకు ఆడబోయాక అసలు తిప్పలు మొదలయ్యాయి. అక్కడ నేల మీద మ్యాట్, మ్యాట్ మీద రంగు గీత. పాదానికి ఏమీ తగలదు. కూతకొచ్చినవాణ్ణి ముట్టుకోకముందే మన కాలు పక్క గీత దాటితే మనమే ఔట్. నేను వెనక్కి జరుగుతూ జరుగుతూ తాడు కోసం కాలితో వెతికేవాణ్ణి. తాడు ఎక్కడుంది నా మొహం! ఈల మోగేది, రిఫరీ నా పాదం వైపు చెయ్యి చూపించేవాడు. గీత చూసుకుంటే ఎదుటివాడి కాళ్లు కనబడవు, ఎదుటివాణ్ణి చూస్తే గీత కనబడదు. రెంటికీ చెడ్డ రేవడిలా తయారయ్యాను.

నా కెరీర్ అంతా ఇదే కథ. బళ్లారిలో ఒక ఏడు, నాగపూర్‌లో ఒక ఏడు, హైదరాబాదులో రెండు జట్లు. ప్రతి కోచ్ నా పట్టు చూసి తీసుకునేవాడు, నా కాలు చూసి వదిలేసేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈలోగా కబడ్డీ టీవీలోకి వచ్చింది, రంగురంగుల లైట్ల కింద. ఒక సీజన్‌కు నన్నూ తీసుకున్నారు. బెంచీ మీదే కూర్చున్నాను. టైమ్‌అవుట్‌లో తువ్వాళ్లు అందిస్తుంటే కెమెరా నా మీదుగా పోయిందట. ఊళ్లో అందరూ చప్పట్లు కొట్టారట. ఇంటికి వెళ్లాక అమ్మ అడిగింది, "అదేటిరా, తువ్వాల్లందించడానికా అంత దూరం ఎల్లినావు?" అని. నవ్వాను గానీ ఆ మాట చాలా రోజులు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ముప్పై ఏళ్లకు దగ్గర పడుతుండగా విజయనగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయం జట్టులో కాంట్రాక్టు మీద చేరాను. పొద్దున ఫైళ్లు మొయ్యడం, సాయంత్రం ఆడడం. అక్కడే నేను అన్నా అని పిలిచే ఆయన పరిచయమయ్యాడు. శ్రీముఖలింగం వైపు రైతు కుటుంబం, నాకంటే పెద్దవాడు, నాలాగే ఊళ్లు తిరిగి అలిసినవాడు. కవర్ ఆడేవాడు, అంటే కార్నర్ పక్కన నిలబడి వాడి చెయ్యి పట్టుకునేవాడు. ఆయన మడిగట్ల మీద ఆట నేర్చుకున్నాడు కాబట్టి పాదం ఎక్కడ వెయ్యాలో పుట్టుకతోనే తెలుసు.

మొదటి వారంలోనే నా రోగం కనిపెట్టేశాడు. "ఒరే, నువ్వు కాలితో ఏటి ఎతుకుతన్నావురా?" అని అడిగాడు. తాడు సంగతి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత నవ్వడం ఆపి, నా కుడి చెయ్యి పట్టుకుని, "సూడు, నువ్వు గీత సూడొద్దు. ఆడి కాల్లు సూడు. గీత నేను సూస్తాను," అన్నాడు.

అలాగే ఆడాం. నేను గీత దగ్గరకు జరిగినప్పుడల్లా ఆయన చెయ్యి నన్ను లోపలికి లాగేది. చూసేవాళ్లకు తెలిసేది కాదు. నాకు మాత్రం ఆ చెయ్యి ఉంటే కాళ్లు నావే అనిపించేది. ఆ ఏడు నేను ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు. కానీ కార్నర్ కాళ్లు కాసే కవర్ తన ఆట ఆడలేడు. ముందుకు దూకి గుద్ది పడగొట్టే అవకాశం వస్తే ముందు నా చెయ్యి వదలాలి. ఆయన వదిలేవాడు కాదు. కాగితం మీద పాయింట్లన్నీ నా పేరునే పడేవి.

అప్పుడు కబురొచ్చింది. డిఫెండర్లలో ఒక్కణ్ణి పర్మనెంట్ చేస్తారట. సెలక్షన్ ఆట ఆదివారం. నాకిక ఇది తప్పితే పడవే గతి. చెల్లాచెదురైన ఇన్నేళ్లకూ ఏదో ఒక అర్థం ఉండాలంటే ఆ ఉద్యోగం నాకు రావాలి. అది ఎంతగా కావాలనుకున్నానంటే తిండి సయించలేదు. మా ఇద్దరిలో ఒకరికే వస్తుందని ఆఫీసులో అందరూ అనేవారు. అన్న మాత్రం, "ఒకడికే గదా, ఎవుడికొస్తే ఆడిది," అని చాయ్ తాగి లేచిపోయాడు. ఆ మాటకు నాకు భయమే పట్టుకుంది. ఆయన ఒక్కసారి నా చెయ్యి లాగకపోతే చాలు, నేను పోతాను. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం మమ్మల్ని ఒకే పక్క నిలబెట్టారు, నేను మూలన, ఆయన నా పక్కన. మొదటి కూత వచ్చింది. వెనక్కి జరిగాను. చెయ్యి లాగింది. మళ్లీ కూత, మళ్లీ లాగింది. ఎదుటి జట్టు కుర్రాడొకడు ఒంటికాలి మీద తిరుగుతూ పూర్తిగా అన్న ఎదుటికొచ్చాడు, గుద్దితే పడిపోయేవాడే. అన్న గుద్దలేదు. నేను గీత అంచున ఉన్నాను. ఆయన నన్నే లోపలికి లాగాడు, ఆ కుర్రాడు చీలమండ నా వైపు పెట్టాడు, నేను పట్టేశాను. జనం అరిచారు. నేను మోకాళ్ల మీద ఉండి ఆయన మొహంలోకి చూశాను. ఒంటికంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు, అంతే.

సాయంత్రం నా పేరు చదివారు. సెలక్టరు వచ్చి భుజం తట్టి, "నీ కాలు కుదిరిందయ్యా, ఒక్కసారీ గీత దాటలేదు," అన్నాడు.

ఉండబట్టలేక అనేశాను. "అది నా కాలు కాదు సార్, ఆయన చెయ్యి. ఇవ్వాల్సింది ఆయనకి."

సెలక్టరు నా వైపు వింతగా చూశాడు. "ఆయనకెలా ఇస్తాం? వయసు దాటి ఏడాదైంది. లిస్టులోనే లేడు. ఏడుగురికి ఒకడు తక్కువైతే, నేను ఆడతాను, వాడి పక్కనే నిలబెట్టండి అని తనే వచ్చి అడిగాడు. నీకు చెప్పలేదా?"

నేను అలాగే జెర్సీతో ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌కు పరిగెత్తాను. శ్రీకాకుళం బస్సు ఇంజను స్టార్ట్ చేసి ఉంది. అన్న కిటికీ పక్క సీటులో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీకు రాదని తెలిసే ఆడినావా?" అన్నాను.

"తెల్సు."

"మరి నాకెందుకు సెప్పలేదన్నా?"

"సెప్తే నువ్వు ఆడతావేటి? నా మొకం సూసుకుంటూ నిలబడిపోతావు." "వొరే, నాకూ ఆకరాట గదరా. మంచోడి పక్కన ఆడి పోదామనిపించింది. తప్పేటి?" అన్నాడు. చెయ్యి కిటికీ బయటికి చాపాడు. నేను పట్టుకున్నాను. బస్సు కదిలేదాకా ఇద్దరం వదల్లేదు.

బస్సు మలుపు తిరిగాక ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయి ఏడ్చాను. జనం చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది. జాంపళ్లు అమ్మే ముసలమ్మ ఒకామె తట్ట దించి నా పక్కన కూర్చుంది.

"ఉజ్జోగం రాలేదా బాబూ? పోతే పోనీలే, మల్లీ వస్తాది."

"వచ్చిందమ్మా," అన్నాను.

"వస్తే మరి ఏడుపేటి?"

జెర్సీతో మొహం తుడుచుకున్నాను. ఆమె ఒక జాంపండు తీసి నా చేతిలో పెట్టి, తట్ట ఎత్తుకుని తర్వాతి బస్సు దగ్గరికి వెళ్లిపోయింది.