మా నాయన టాపు తీసే కారు

నా చిన్నప్పుడు మా నాయన కారు వీధి మలుపు తిరగకముందే మా అవ్వకు తెలిసిపోయేది. "మీ నాయన వస్తాండాడు, కాళ్ళకు నీళ్ళు పెట్టండే" అని లోపలికి కేకేసేది. అవ్వకు అప్పటికే చెవులు సరిగ్గా పనిచేసేవి కావు. పక్కన కూర్చుని పిలిచినా పలకని మనిషికి ఆ కారు చప్పుడు మాత్రం ఎట్లా వినబడేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ కారు అమెరికాలో పుట్టింది. పైన గుడ్డ టాపు ఉండేది, కావాలంటే దాన్ని వెనక్కి మడిచేయవచ్చు. అందుకే హిందూపురంలో అందరూ దాన్ని టాపు తీసే కారు అనేవాళ్ళు. బెంగుళూరులో ఎవరో దొర దాన్ని వాడుకుని, దేశం వదిలి పోతూ అమ్మేశాడట. ఆ చెయ్యీ ఈ చెయ్యీ మారి మా నాయన దగ్గరికి వచ్చింది. మాది చింతపండు వ్యాపారం. పెనుకొండ, ధర్మవరం, ఓబులదేవరచెరువు, చెట్లు బాగా కాశాయని ఎక్కడ తెలిస్తే అక్కడికి నాయన పోయేవాడు. చింతపండు బేరానికి అంత కారు అవసరమా అని మా పెద్దనాయన ఎత్తిపొడిచేవాడు. నాయన నవ్వి ఊరుకునేవాడు. ఆయనకున్న సరదా అదొక్కటే, దాన్ని సమర్థించుకోవాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

పోయిన ఏడాది బెంగుళూరు నుంచి పాత కార్లవాళ్ళు కొందరు లేపాక్షికి వచ్చారు. మా మనవరాలు నన్ను తీసుకుపోయింది. అద్దాల్లా తోమిపెట్టిన ఆ కార్లలో ఒకటి మా కారు జాతిదే. మాది అదే అని చెప్పను, రంగు కూడా వేరు. దాని యజమానిని ఒక్కసారి ఇంజను వేయమని అడిగాను. ఆయన వేశాడు. నేను అక్కడే, అంత జనంలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మనవరాలు కంగారుపడి మంచినీళ్ళ సీసా తెచ్చింది. దానికి చెప్పలేకపోయినదాన్ని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయన పోయాడు. పెనుకొండలో బేరం మాట్లాడుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదు. ఆ కబురు చెప్పడానికి అక్కడి వ్యాపారి ఒకాయన నాయన కారునే నడుపుకుంటూ మా ఇంటికి వచ్చాడు. అవ్వ ఎప్పటిలాగే చప్పుడు విని కాళ్ళకు నీళ్ళు పెట్టమని కేకేసింది. చెంబు పట్టుకుని వాకిట్లోకి పోయింది నేనే.

తర్వాత ఏడాదిన్నర ఆ కారు మా చింతపండు గోదాములో ఒక మూల పడి ఉంది. సీట్లను ఎలుకలు కొరికాయి, టాపు చీకిపోయింది, డిక్కీ మీద కోళ్ళు పడుకునేవి. అమ్మ ఆ మూల వైపు కూడా చూసేది కాదు. నేను మాత్రం బడి నుంచి రాగానే పోయి ముందు సీట్లో కూర్చునేదాన్ని. ఆ సీటు వాసనలో ఇంకా నాయన కొంచెం మిగిలి ఉన్నాడని నా నమ్మకం. 

చివరికి పెద్దనాయన దాన్ని అమ్మేయాలని నిర్ణయించాడు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ఒకాయన తన కూతురి పెళ్ళి ఊరేగింపుకి కావాలన్నాడు, కాకపోతే కొత్తదానిలా చేసి ఇవ్వమన్నాడు. ఆ పని మా మేస్త్రీ మామ మీద పడింది. చుట్టరికం ఏమీ లేదు, మా గోదాము పక్కనే ఆయన బండ్లు బాగుచేసే షెడ్డు, అంతే. నాయన ఉన్నన్నాళ్ళూ ఆ కారు మీద చెయ్యి వేసింది ఆయనొక్కడే.

ఆ కారుకు మామ దగ్గర రిపేరు పుస్తకం లేదు, ఉన్నా ఆయన చదవలేడు. విప్పిన ప్రతి సామానునూ విప్పిన వరుసలోనే పాత చీర మీద పరిచేవాడు. అరిగిపోయిన బుష్షులు ఇత్తడితో లేతు మిషను మీద తీయించాడు. లారీ టార్పాలిన్లు కుట్టే ఆయనతో టాపు కుట్టించాడు. పని మధ్యలో ఆగి, ఎక్కడో సముద్రాల అవతల దాన్ని తయారుచేసిన మనిషిని తోటి మేస్త్రీలా తలుచుకుని మెచ్చుకునేవాడు. "ఎంత ఓపికప్పా నీకు" అనేవాడు ఇంజనులోకి తొంగిచూస్తూ. బానెట్టు కుడి పక్కనుంచీ తెరుచుకునేది, ఎడమ పక్కనుంచీ తెరుచుకునేది. ఇంజను వేయడానికి వేరే మీట ఉండదు, తాళం తిప్పి యాక్సిలేటరు తొక్కితే చాలు. అందులో ఎనిమిది సిలిండర్లు, ఎనిమిదీ ఒకే వరుసలో. అంత పొడవాటి ఇంజను కుదుపు లేకుండా ఎట్లా తిరుగుతుందని ఒకరోజు నేను అడిగాను.

మామ నోటితో చెప్పలేదు. మా గోదాములో రాళ్ళ ముందు వరుసగా కూర్చుని చింతకాయలు కొట్టే ఆడవాళ్ళలో ఎనిమిదిమందిని పిలిచాడు. మధ్యలో నిండుగా నీళ్ళ చెంబు పెట్టి, మొదట అందరినీ ఒకేసారి కొట్టమన్నాడు. చెంబులో సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మళ్ళీ నింపి, ఈ చివరనుంచి ఆ చివరికి వరుసగా కొట్టమన్నాడు. అప్పుడూ తొణికాయి. ఇక మూడోసారి తనే వేలు చూపిస్తూ కొట్టించాడు. ఒకటి, ఆరు, రెండు, ఐదు, ఎనిమిది, మూడు, ఏడు, నాలుగు. ఆడవాళ్ళు నవ్వలేక చస్తూ, తప్పులు కొడుతూ, చివరికి లయ పట్టారు. నీళ్ళు అసలు కదలలేదంటే అబద్ధమవుతుంది గానీ, చుక్క కూడా కింద పడలేదు. ఒక దెబ్బ ఊపును ఇంకొక దెబ్బ ఆపేట్టు ఆ మనిషెవరో లెక్క కట్టాడు, అదీ దాని మర్మం అన్నాడు మామ. ఆ ఎనిమిదింటికీ వంతుల ప్రకారం కరెంటు పంచే ముక్కను కూడా చూపించాడు. బొటనవేలంత నల్లటి ముక్క, నెత్తిన చిన్న ఇత్తడి రేకు. ఇది లేకపోతే అంత కారూ గుడ్డిది అన్నాడు.

ఆరు నెలలకు ఇంజను లేచింది. ఆ చప్పుడుకి అవ్వ మంచం మీద తల ఎత్తింది, నీళ్ళు పెట్టమని కేకేయకుండానే మళ్ళీ పడుకుంది. అమ్మ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నేను గోదాము గుమ్మంలో నిలబడి వింటూ ఉండిపోయాను. నాయన తిరిగి రాడని తెలియని వయసేమీ కాదు నాది. అయినా ఆ చప్పుడు ఊళ్ళో ఉన్నంతకాలం ఆయన ఇంకా దారిలో ఉన్నట్టే అనిపించింది. దాన్ని ధర్మవరం పంపిస్తే ఇక వచ్చేదారి కూడా మిగలదు.

కారు తీసుకుపోవడానికి చీరల వ్యాపారి రేపు వస్తాడనగా, సాయంత్రం మామ టీ తాగడానికి పోయినప్పుడు నేను బానెట్టు ఎత్తాను. కరెంటు పంచే ఆ నల్లముక్క మీది మూతకున్న రెండు క్లిప్పులు తీసి, దాన్ని లాగేశాను. తీసుకుపోయి మా వంటింట్లో ఉప్పు కలిపిన చింతపండు కుండలో అడుగుకంటా నొక్కేశాను. మా ఇంట్లో ఎవరూ వెతకని చోటు, వెతకాల్సిన అవసరం లేని చోటు అదొక్కటే.

తెల్లారి రాహుకాలం రాకముందే వ్యాపారి, ఆయన భార్య పళ్ళెంలో పసుపు కుంకుమలతో వచ్చారు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. మామ యాక్సిలేటరు తొక్కాడు. ఇంజను మూలిగింది గానీ అంటుకోలేదు. పది సార్లు తొక్కి ఉంటాడు. మొదటి అడుగులోనే ఆగితే పెళ్ళిబండికి శకునం బాగుండదని ఆ ఇల్లాలు గొణిగింది. పెద్దనాయన మొహం ఎర్రబడింది. "ఆరు నెల్లు ఏం జేసినావప్పా దీన్ని? నలుగురిలో పరువు తీస్తివే!" అని అరిచాడు.

మామ దిగి బానెట్టు ఎత్తాడు, మూత తీశాడు. లోపల ఖాళీ. తల తిప్పి నావైపు ఒక్కసారి చూశాడు. ఆయన మెల్లగా మూత పెట్టి, క్లిప్పులు నొక్కి, వ్యాపారి దగ్గరికి పోయాడు. "పొరపాటు నాదేనన్నా. ఒక సామాను సరిజూసుకోలేదు. రేపు నేనే ధర్మవరం తెచ్చి మీ వాకిట్లో నిలబెడతా" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళో సంపాదించుకున్న పేరును ఆయన నాకోసం అంత మందిలో కింద పెట్టాడు. అది అర్థమయ్యేసరికి సిగ్గుతో ఇంట్లోకి పరుగెత్తాను.

మధ్యాహ్నం ఆ ముక్కను కొంగులో దాచుకునే వయసు కాదు గనక గుప్పిట్లో మూసుకుని షెడ్డుకు పోయాను. మామ దాన్ని తీసుకుని కడిగాడు, ఎండలో పెట్టాడు. చింతపండు పులుపుకి ఇత్తడి రేకు బంగారంలా మెరుస్తోంది. "దాచింది సాలక తోమి గూడా పెట్టినావే" అన్నాడు. తిడతాడని వచ్చిన నేను నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డాను. ఎందుకు దాచావని అప్పుడు అడిగాడు.

రెండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పాను. ఇంటికొచ్చినవాళ్ళు బయలుదేరేటప్పుడు పిల్లలు చెప్పులు దాచిపెట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే. నేను ఊరికి పోయే నాయన చెప్పులు కూడా దాచేదాన్ని. ఆయన వెతుకుతున్నట్టు నటిస్తూ, ధాన్యం గాదె వెనకా మంచం కిందా చూస్తూ, అరగంట ఆలస్యంగా బయలుదేరేవాడు. ఒక్కోసారి పోవడమే మానుకునేవాడు. ఆ చివరి రోజు మాత్రం నేను దాచలేదు. పరిగి తిరునాళ్ళకు తీసుకుపోలేదని ముందురోజు అలిగి, దుప్పటి ముసుగేసుకుని లేవకుండా పడుకున్నాను. దాచి ఉంటే నాయన ఆ రోజు పోయేవాడు కాదు. నాయన పోవడానికి నేనే కారణం. అందుకే ఈసారి కారునైనా పోనివ్వకూడదనుకున్నాను.

మామ చేతులు తుడుచుకున్నాడు. తర్వాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ ముందురోజు కారు నా షెడ్డులోనే ఉండె పాపా. మర్నాడు సాయంత్రానికి ఇచ్చినా సాలు మేస్త్రీ అన్న్యాడు మీ నాయన. నేనే మెప్పు కోసరం రాత్రంతా పనిజేసి, తెల్లారేసరికి వాకిట్లోకి తెచ్చిస్తి. నా మీద కోపముండాదా నీకు?"

నేను ఆశ్చర్యపోయాను. మామ మీద కోపం ఎందుకుంటుంది? ఆయనకేం తెలుసు అట్లా జరుగుతుందని?

"లేదు మామా" అన్నాను.

"మళ్ళా నీ మీద నీకెందుకు?"

అప్పుడు ఏడ్చాను. నాయన పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు. మామ ఓదార్చలేదు. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. రెండేళ్ళుగా ఆ మాట ఆయన కూడా ఎవరికీ చెప్పుకోలేదని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

మర్నాడు ఆ ముక్కను నాచేతే పెట్టించాడు. ఇంజను మొదటి తొక్కుకే అంటుకుంది. నన్ను కూడా ధర్మవరం తీసుకుపోతానని అమ్మను అడిగాడు. అమ్మ రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ కారు దగ్గరికి వచ్చింది. టాపు తీసి పోతారా అని అడిగి, లోపలికి పోయి తుండుగుడ్డ తెచ్చి, దుమ్ము పడకుండా నా తలకు కట్టింది. తలుపు మీద ఒక నిమిషం చెయ్యి ఆన్చి, వెనక్కి జరిగింది.

పెనుకొండలో మామ కారు నెమ్మది చేసి ఒక మండీ అరుగు చూపించాడు. మీ నాయన పోయింది అక్కడే అన్నాడు. మామూలు అరుగు, ఎవరో ముసలాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చూశాను, ముందుకు పోయాం. ధర్మవరంలో పెళ్ళికూతురు పరుగెత్తుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుని హారను నొక్కింది, చుట్టూ పిల్లలు కేకలు వేశారు. నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. తిరుగు బస్సులో మామ భుజం మీద తల పెట్టి నిద్రపోయాను.

తర్వాత బతుకులో నా మీద నేను వేసుకోవడానికి నేరాలు చాలానే దొరికాయి. మా ఆయనకు జబ్బు చేసినప్పుడు ఒక్కరోజు ముందే పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఉంటే అని నేనూ అందరిలాగే గోడకు తల కొట్టుకున్నాను. అప్పుడు మామ అడిగిన మాటే నన్ను నేను అడుగుతాను. ఈ పని వేరేవాళ్ళు చేసి ఉంటే వాళ్ళ మీద నాకు కోపం వచ్చేదా? రాదు. ఆ జవాబుతో నేరం దిగిపోతుంది. బెంగ మాత్రం అట్లాగే ఉంటుంది. నాయన కోసం అరవై ఏళ్ళుగా పడుతున్న బెంగ అది, దాన్ని దించుకోవాలని నాకూ లేదు.