కొమ్ము పురుగులూ, నా నీలం చొక్కా

నాకు పెళ్లిచూపులు మూడుసార్లు జరిగాయి. మొదటి రెండింటికీ చుట్టాలు మాత్రమే వచ్చారు. మూడోదానికి కొమ్ము పురుగులు కూడా వచ్చాయి. ఆ సాయంత్రం జరిగిన నష్టమంతా వరసగా చెబుతాను. మధ్యలో జాలి పడాలనిపిస్తే కాస్త ఆగండి, ముందు ఇంకా ఉంది.

మాది నౌపడ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. ఒకవైపు ఉప్పు మడులు, ఇంకోవైపు కొబ్బరి తోటలు. ఉప్పుకు పురుగు పట్టదు. ఆ లోటు కొబ్బరి తీరుస్తుంది. కొమ్ము పురుగు బొటనవేలంత లావున, నల్లగా, ముక్కు మీద ఒక కొమ్ముతో ఉంటుంది. పొద్దుగూకే వేళ ఎగిరొచ్చి చెట్టు తలలోని లేత మొవ్వులోకి తొలుచుకుపోతుంది. ఆ తర్వాత విచ్చుకున్న ఆకు కత్తెర పడ్డట్టు కనిపిస్తుంది. లేత చెట్టయితే ఆ ఆకు కూడా విచ్చుకోదు, చెట్టు మొత్తానికే పోతుంది. నాన్న పోయాక తోట నా చేతికి వచ్చింది. వచ్చిన సంగతి నాకంటే ముందు పురుగులకు తెలిసినట్టుంది.

ఆ రోజుల్లో టెక్కలిలో కొబ్బరి రైతులకు శిక్షణ అంటే వెళ్లాను. భోజనం బాగుంది. చివర్లో తలా ఒక బకెట్టూ, ఒక ఎర పొట్లమూ ఇచ్చారు. పొట్లంలో ఉన్నది ఆ పురుగుల వాసనే, మనుషులు తయారుచేసింది. దాన్ని బకెట్టులో వేలాడదీసి తోట అంచున కడితే, తోడు దొరికిందనుకుని ఎక్కడెక్కడి పురుగులూ వచ్చి అందులో పడతాయట. శిక్షణ ఇచ్చినాయన రెండే జాగ్రత్తలు చెప్పాడు. పొట్లాన్ని గుచ్చకండి, ఒంటికీ బట్టలకూ తగలనీయకండి. నేను ముందు వరసలో కూర్చున్నాను కాబట్టి రెండూ స్పష్టంగా విన్నాను.

ఇంటికొచ్చి పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు ఏ వాసనా రాలేదు. పక్కనే నిలబడి పీల్చిన నాకే తెలియంది, ఎక్కడో ఉన్న పురుగుకేం తెలుస్తుందనిపించింది. ప్రభుత్వం వాళ్లు ఏదిచ్చినా పిసినారితనంగానే ఇస్తారని గట్టిగా నమ్మే వయసు అది. అమ్మ పిన్నీసు తీసుకుని నాలుగు చోట్ల గుచ్చాను.

ఇక్కడ మా అమ్మ నియమం ఒకటి చెప్పాలి. మాది తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘం. ఇంటికి సైకిలొచ్చినా, నీళ్ల మోటారొచ్చినా, గేదొచ్చినా చర్చిలో అయ్యగారు ప్రార్థన చేశాకే దాన్ని ముట్టుకోవాలి. పురుగుల ఎరకు ప్రార్థనేమిటని నేను విసుక్కున్నాను.

"తోటలో కట్టే వస్తువా కాదా?" అంది అమ్మ. "రేపు కోత పండగ. అయ్యగారికి సూపించు. ఆయన ప్రార్థన సేసినాక కట్టు."

పండగ పూట బకెట్టు మోసుకుని చర్చికి వెళ్లడం బాగుండదని, పొట్లం ఒక్కటీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. అది నీలం చొక్కా. పెళ్లిచూపుల కోసమే కుట్టించింది.

కోత పండుగ తెలియనివాళ్లకు ఒక మాట. ఆ రోజు సంఘంలో ప్రతి ఇల్లూ తన పంటలో మొదటి భాగం చర్చికి తెస్తుంది. గుమ్మడికాయ, బియ్యం, కోడిపుంజు, అరటిగెల, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాకిట్లో కొబ్బరాకుల పందిరి కింద అన్నిటినీ వేలం వేస్తారు. వేలం వేసేది మా యాకోబు చిన్నాన్న. వస్తువును అందరికీ కనబడేలా రెండు చేతులతో ఎత్తి పట్టుకునేది నేను.

ఆ సాయంత్రం నన్ను చూడ్డానికి ఉద్దానం నుంచి సామ్యేలు గారు కూతురు సుగుణను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకూ పెద్ద కొబ్బరి తోట ఉంది. ఇంట్లో కూర్చోబెట్టి చూస్తే ప్రతి కుర్రాడూ బుద్ధిమంతుడిలాగే ఉంటాడనీ, పదిమందిలో చూస్తేనే అసలు రంగు తెలుస్తుందనీ ఆయన నమ్మకం. సుగుణను నేను అంతకుముందు ఒక పెళ్లి భోజనాల్లో చూశాను. వడ్డించేవాడు సాంబారు తన చీర మీద ఒలకబోస్తే, వాడు ఏడుపు ముఖం పెట్టాడని తనే వాడికి ధైర్యం చెప్పింది. అప్పటినుంచీ ఈ సంబంధం కుదరాలని నాకు చాలా కోరికగా ఉండేది. ఈ ఒక్క మాటా నవ్వులాటకు చెప్పడం లేదు.

వేలానికి ముందు అయ్యగారికి పొట్లం సంగతి చెప్పాను. ఆయన నా జేబు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు. ఈ బిడ్డ తోటను పాడుచేసే పురుగులన్నిటినీ దీని యొద్దకు రప్పించుము ప్రభువా అని ప్రార్థించారు. దగ్గరున్నవాళ్లంతా ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

నా జీవితంలో ఇంత త్వరగా జవాబు వచ్చిన ప్రార్థన మరొకటి లేదు.

చర్చి ప్రహరీ అవతల ఊరందరి పెంటకుప్పలూ ఉన్నాయి. కొమ్ము పురుగులు పుట్టి పెరిగేది అలాంటి కుప్పల్లోనే. ఆ సంగతి కూడా శిక్షణలో విన్నాను. గుమ్మడికాయ ఎత్తి పట్టుకునేసరికి మొదటిది బుర్రుమంటూ వచ్చి నా ఛాతీ మీద వాలింది. చేతుల్లో కాయ ఉంది, దులుపుకునే వీల్లేదు. ఎదురుగా సామ్యేలు గారు. నేను చిరునవ్వు నవ్వాను. రెండోది భుజం మీద వాలింది. కాయ అమ్ముడుపోయేలోపు ఇంకో మూడు వచ్చాయి.

లైటు వెలుగుకు వస్తున్నాయని ఎవరో అంటే ట్యూబులైటు ఆర్పించారు. మసక వెలుతురులో పురుగులకు దారి ఇంకా సులువైంది. ఒకటి చెవి మీంచి నడిచి జుట్టులోకి పోయింది. నేను కోడిపుంజును ఎత్తి పట్టుకుని ఉన్నాను. పుంజు నా వంక చూసి, జేబు వంక చూసి, ఒక పురుగును ముక్కుతో అందుకుంది. దాంతో అది తెలివైన పుంజని పేరొచ్చి పాట కాస్త పెరిగింది. ఆ సాయంత్రం నా వల్ల సంఘానికి జరిగిన మేలు అదొక్కటే.

చిన్నాన్న పాట ఆపేశాడు.

"ఒరే దానీ, కూసింత ఎడం పక్కకెళ్లు," అన్నాడు నాతో.

వెళ్లాను. పురుగులూ ఎడం పక్కకు వచ్చాయి. కుడి పక్కకు వెళ్లమన్నాడు. అవీ వచ్చాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని వెనక్కి జరిగారు. మా అమ్మ ముఖంలో మూడో సంబంధం కూడా చెడిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"నీ ఒంట్లో ఏటైనా రోగముందేట్రా?" అన్నాడు చిన్నాన్న, సామ్యేలు గారికి బాగా వినబడేలా.

ఇంక దాచి లాభం లేదని పొట్లం సంగతీ, పిన్నీసు సంగతీ చెప్పేశాను. జేబు తడిమితే తడిగా ఉంది. చొక్కా విప్పమన్నారు. పెళ్లిచూపులకని చొక్కా కొత్తది కుట్టించారు గానీ, బనీను ఎవరు చూస్తారని పాతదే వేసుకున్నాను. దానికి ఎన్ని చిల్లులున్నాయో ఆ సాయంత్రం సంఘమంతటికీ తెలిసింది. చొక్కా పందిరి గుంజకు తగిలించాక పురుగులు నన్ను వదిలేసి దాని మీదికి పోయాయి. నేను గుమ్మడికాయలు తెచ్చిన ఖాళీ గోనెసంచి ఒకటి కప్పుకుని నిలబడ్డాను.

అప్పుడు సుగుణ లేచి నా దగ్గరికి వచ్చింది.

"కదలకండి," అని నా జుట్టులోంచి ఆ పురుగును తీసి, కాలి కింద వేసి నొక్కి, వెళ్లి కూర్చుంది. నా వైపు మళ్లీ చూడలేదు. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చూస్తే తెలుస్తోంది.

సామ్యేలు గారు మాత్రం నవ్వలేదు. గుంజ దగ్గరికి వెళ్లి చొక్కాను అటు తిప్పీ ఇటు తిప్పీ చాలాసేపు చూశారు. తర్వాత చిన్నాన్న వైపు తిరిగారు.

"ఈ సొక్కా కూడా పాటలో పెట్టండి."

అది కానుక కాదని చిన్నాన్న గొణిగాడు. కోత పండుగకు చర్చి వాకిట్లోకి వచ్చిందల్లా కానుకేనని సామ్యేలు గారు వాదించారు. అయ్యగారు ఆయన వైపే మొగ్గారు. అంతవరకూ నన్ను తిట్టుకున్న మా ఊరి రైతులు ఒక్కసారిగా ముందుకు జరిగి పోటీకి దిగారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసరికి నా చొక్కా అన్ని గుమ్మడికాయలనూ దాటి, పుంజును కూడా దాటి సామ్యేలు గారి పరమైంది. ఆయన దాన్ని మూతున్న డబ్బాలో పెట్టించుకుని, కూతుర్ని తీసుకుని, సంబంధం గురించి ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పను. ఊళ్లో ఎవరు ఎదురుపడినా ముందు నా జేబు చూసి, తర్వాత నా ముఖం చూసేవారు. అమ్మ నాతో అవసరానికి మాత్రమే మాట్లాడేది. సుగుణ నా తలలో పురుగు తీసినప్పటి ఆ ఒక్క మాటనే తలుచుకుంటూ నేను బకెట్టు తోట అంచున కట్టుకున్నాను, ఈసారి టెక్కలి వెళ్లి తెచ్చుకున్న కొత్త పొట్లంతో.

కొన్నాళ్లకు సామ్యేలు గారు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, చాలాసేపు వానల గురించి మాట్లాడారు. నేను తలుపు వెనక ఉన్నాను. ఊపిరి మాత్రం అరుగు మీదే ఉంది.

"సూడు సెల్లెమ్మా," అన్నారు చివరికి. "ఆ సొక్కా మా తోటలో అంచుకి కట్టినాను. సేటల్లోకెత్తినన్ని పురుగులు దొరికినాయి. ఇప్పుడు వాసన పోనాది. మీవోడి కాడ అలాటి సొక్కా ఇంకోటి ఉంటే ఇస్తావేటి?"

మా అమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది. తర్వాత ఎప్పటిలాగే నిదానంగా జవాబు చెప్పింది.

"సొక్కా ఒక్కటీ ఇవ్వం అన్నయ్యా. మావోడితో కలిపే ఇస్తాం."

పెళ్లి అదే చర్చిలో జరిగింది. సుగుణ పెట్టిన షరతు ఒక్కటే, పెళ్లి చొక్కాకు జేబు ఉండకూడదని. దర్జీ ఎంత చెప్పినా తను వినలేదు. అయ్యగారు మమ్మల్ని ఆశీర్వదించడానికి చెయ్యెత్తినప్పుడు ముందు వరసవాళ్లు కొంచెం వెనక్కి జరిగారు కూడా.

కాబట్టి సంఘమంతటి ఎదుటా ప్రమాణం చేసినట్టే మీ ఎదుట చేస్తున్నాను. బతికున్నంతకాలం ఎర పొట్లాన్ని పిన్నీసుతో గుచ్చను, జేబులో పెట్టను. దేన్నైనా జేబులో పెట్టుకుని, దాని మీద ప్రార్థన చేయమని మాత్రం ఎవరినీ అడగను. ఇంట్లోంచి బయటికి వెళ్లే ప్రతిసారీ సుగుణ నా బనీను చూస్తుంది కాబట్టి, దాని గురించి వేరే ప్రమాణం అక్కర్లేదు.