రత్నమ్మ మేడమ్ తిరగేయించిన బండలు

నిన్న ప్రొద్దుటూరు బజారులో లారీ మీద నుంచి బెల్లం మూట ఒకటి దబ్బున నేల మీద పడింది. హమాలీలు తిట్టుకుంటూ ఉంటే, అది లారీకి ఎంత దూరంలో పడిందా అని నేను కళ్ళతో కొలుస్తూ నిలబడ్డాను. ఈ పాడు అలవాటు నాకు అంటించింది రత్నమ్మ మేడమ్.

మేడమ్ జమ్మలమడుగులో ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరు. నేను అక్కడే గుమాస్తాను. వయసులో ఉండగా ఆమె ఇనుప గుండు విసిరితే పులివెందులలో పడిందని కొత్తగా వచ్చిన పంతుళ్ళకు చెప్పేవాణ్ణి. అబద్ధమే. పులివెందుల ఆమె పుట్టినూరు, అంతే. షాట్‌పుట్‌లో రాష్ట్ర ఛాంపియన్ అన్నది మాత్రం నిజం. పెళ్ళయ్యాక ఆ గుండు మంచం కిందికి చేరింది. రిటైరై మా రెండు కుటుంబాలూ ప్రొద్దుటూరులో స్థిరపడ్డాక ఆమె దాన్ని మళ్ళీ బయటికి లాగి, పెద్దవయసు వాళ్ళ పోటీలకు సిద్ధమయ్యారు. కొడుక్కి నచ్చలేదు. "భుజం జారితే ఎవురు జూస్తారు మా? ఈ ఒక్క తూరి పోయిరా. మెడల్ రాకుంటే ఆ గుండు పాతసామాన్లోనికి ఏసేస్తా" అన్నాడు.

సాధన చేయడానికి పెరట్లో, లోపలి నుంచి గుండు విసిరే సర్కిల్ కావాలి. మా సీమలో నేల అంటే బండలే కదా! చిలమకూరు వైపు నుంచి నాపబండలు తెప్పించి, పాలిష్ పట్టించి, గుండ్రంగా పరిపించారు. గుండు విసిరేవాళ్ళు వెనక్కి తిరిగి వంగి, ఒంటికాలి మీద జారుతూ వచ్చి విసురుతారు. అద్దంలాంటి ఆ బండల మీద మేడమ్ వెన్నలా జారేవారు. టేపు పట్టుకున్న నేను ఉబ్బిపోయేవాణ్ణి.

పోటీకి బయలుదేరిన రోజు కండక్టరు ఆమె సంచీ ఎత్తబోయి ఉలిక్కిపడ్డాడు.

"ఏందమ్మా ఇది, బాంబా?"

"బాంబైతే టికెట్ కొంటానా అప్పా?"

కోస్తాలో ఆ మైదానం. సర్కిల్ గరుకు సిమెంటు. మొదటిసారి ఆమె కాలు జారలేదు, ఆ గరుకుకు పట్టుకుపోయింది. బోర్లా పడబోయి గీత దాటారు. ఫౌల్. రెండోసారీ అంతే. చూసేవాళ్ళు నవ్వారు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. నేను సిమెంటును తిట్టడం మొదలుపెట్టాను.

"దాన్నేల తిడతావు శర్మప్పా?" అన్నారు మేడమ్. "నున్నగుండాదని మనమే మురిసిపోతిమి. లోకమంతా మన బండలే ఉంటాయా?"

"ఇప్పుడేం జేస్తారు మేడమ్?"

"జారేది మానుకుంటా. చిన్నపిల్లోళ్ళకు మొదట నేర్పిస్తామే, నిలబడి ఇసిరేది, అట్ల ఇసుర్తా."

నిలబడ్డ చోటు నుంచే నడుము తిప్పి విసిరారు. గుండు మైదానం గోడ దాటి కాలువలో పడింది. లేదులెండి, గీతల మధ్యనే పడింది. అయితే అందరికంటే జానెడు ముందు. బంగారు పతకం ఆమె మెడలో వేస్తుంటే నేను ఏడ్చాను. ఇందులో నేను పెంచిందేమీ లేదు.

ఊరికి రాగానే కొడుకు పూలదండతో ఎదురొచ్చి, "గుండు ఇంక యాడికీ పోదులే మా" అన్నాడు. ఆమె ఆ దండతోనే పెరట్లోకి నడిచి, బండలు పరిచిన మేస్త్రీని పిలిపించారు.

"ఇవన్నీ పెరికి తిరగేయప్పా. గరుకు మొగం పైకి రావాల."

"శానా నున్నగ చేయిస్తిరి గదమ్మా! అంతా మన్నుపాలేనా?"

"ఆ నున్నటి మొగాన్ని మంటికే చూపీ."

ఆమె పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఏ పనైనా మరీ సులువుగా సాగుతుంటే నాకు అనుమానం పుడుతుంది. ఒక్క క్షణం ఆగి, కింద నేల ఎలాంటిదో చూసుకుంటాను. ఆ కొడుకే గుండు నా చేతిలో పెట్టి, రోజూ పొద్దున పెరటి తలుపు తీసి ఉంచుతాడు. గరుకు బండల మీద నిలబడి విసురుతున్నాను. ఎంత దూరం పోతుందని మాత్రం అడగకండి, చెబితే పెంచుతాను.